13 ఆంపియర్లను తలుపు దాకా రానివ్వకండి

(పలాసలో చిన్న జీడిపప్పు బట్టీలు నడుపుకునేవారికీ, ఐటీఐ ఎలక్ట్రీషియన్ విద్యార్థులకూ కలిపి పెట్టిన సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. వక్త ఈ ప్రాంతంలో మోటారు స్టార్టర్లు, హీటరు ప్యానెళ్లు కడుతుంటారు. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవారు ముందుకు రండి బాబూ, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ బల్ల మీద పెట్టిన సామాన్లు చేత్తో పట్టుకుని చూడాలి. దూరం నుంచి చూస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి. దుకాణంలో మోసపోయేది కూడా అందుకే.

నన్ను పిలిచినవారు ఒకే ఒక్క ప్రశ్న ఇచ్చారు. "చిన్న డ్రయ్యరుకు సొంతంగా కంట్రోల్ ప్యానెల్ కట్టుకుందామంటే స్విచ్‌ల దగ్గరే ఖర్చు పెరిగిపోతోంది. చౌకగా ఎక్కడ దొరుకుతాయి?" అని. ఎక్కడ దొరుకుతాయో చెబుతాను, చెప్పకుండా వెళ్లను. కానీ ముందు నేనొకటి అడుగుతాను. ఆ స్విచ్‌తో మీరు ఏ పని చేయించబోతున్నారు? ఇది తేల్చుకోకుండా దుకాణానికి వెళితే, కౌంటరు వెనక ఉన్న మనిషి "ఎన్ని ఆంపియర్లు?" అంటాడు. మీరు భయపడి "32 ఇవ్వండి" అంటారు. అక్కడే డబ్బు పోయింది.

మన డ్రయ్యరు సంగతి చూద్దాం. పిక్క పగలగొట్టి తీసిన పప్పును బోర్మాలో, అంటే ఆరబెట్టే వేడి గదిలో, 70 డిగ్రీల దగ్గర ఆరేడు గంటలు ఆరబెడతాం. తేమ దిగాలి, పొట్టు వదులు కావాలి. అమ్మా, మీకు నేను చెప్పేదేముంది, పొట్టు తీసేది మీరే కదా. వేడి తక్కువైతే పొట్టు రాదు, ఎక్కువైతే పప్పు రంగు మారుతుంది. పౌండుకు 300 నుంచి 320 పలుకులు తూగే తెల్ల గుండు, అంటే విరగని పప్పు, డబ్ల్యూ 320 గ్రేడు. అదే గుండు కాస్త మాడితే వేరే గ్రేడు, వేరే ధర. అందుకే ఇప్పుడు పిక్క పెంకులు మండించే బోర్మా పక్కన చిన్న కరెంటు డ్రయ్యరు కూడా పెట్టుకుంటున్నారు. మంచిదే.

ఆ డ్రయ్యరులో 3 కిలోవాట్ల హీటరు ఉందనుకోండి. 230 వోల్టుల దగ్గర అది 13 ఆంపియర్లు లాగుతుంది. నాలుగున్నర కిలోవాట్లయితే దాదాపు 20. ఇప్పుడు మన ఇంట్లో గీజరుకు పెట్టే 16 ఆంపియర్ల స్విచ్ ఉంది కదా, దాన్నే ప్యానెల్ తలుపుకు బిగిస్తే సరిపోదా? 16 కంటే 13 తక్కువే కదా? ఐటీఐ పిల్లలు చెప్పండి. సరిపోతుందా?

సగం మంది సరిపోతుందన్నారు, సగం మంది నవ్వారు. నవ్వినవారు కూడా కారణం చెప్పలేదు.

గీజరు ఎంతసేపు నడుస్తుంది? పావుగంట, మహా అయితే అరగంట. నీళ్లు కాగగానే థర్మోస్టాట్ తీసేస్తుంది, స్విచ్ చల్లారుతుంది. డ్రయ్యరు పొద్దున వేస్తే మధ్యాహ్నం భోజనాల వేళ దాటే వరకు నడుస్తుంది. పైగా ప్యానెల్ పెట్టె డ్రయ్యరు పక్కనే ఉంటుంది, పెట్టె లోపలే నలభై యాభై డిగ్రీలు. స్విచ్ వెనక స్క్రూ కొంచెం వదులైతే చాలు. వదులైన చోట నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగిన చోట వేడి పుడుతుంది, వేడికి స్క్రూ ఇంకా వదులవుతుంది. ఇక అది తిరిగే చక్రం. చివరికి ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది. కాలిన స్విచ్ విప్పి చూడండి, చాలాసార్లు లోపలి పాయింట్లు బాగానే ఉంటాయి, కాలింది వైరు బిగించిన చోటే.

అందుకని ఏం చేయాలి? ఇంకా పెద్ద స్విచ్ కొనాలా? వద్దు. ఆ 13 ఆంపియర్లను తలుపు దాకా రానివ్వకండి. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు. పెద్ద కరెంటు పెట్టె లోపల కాంటాక్టరు దగ్గరే ఉండాలి. కాంటాక్టరు అంటే, లోపలి తీగ చుట్టకు, అంటే కాయిల్‌కు, కాస్త కరెంటు ఇస్తే అయస్కాంతంలా లాక్కుని పెద్ద కరెంటును కలిపే స్విచ్. తలుపు మీది మీట చేసే పని ఒక్కటే, ఆ కాంటాక్టరు కాయిల్‌కు కరెంటు ఇవ్వడం, తీసేయడం.

ఆ కాయిల్ ఎంత లాగుతుంది? చిన్న కాంటాక్టరు కాయిల్ లాక్కునే క్షణంలో సుమారు 70 వోల్ట్ ఆంపియర్లు. అంటే 0.3 ఆంపియరు. అదీ రెప్పపాటు. లాక్కున్న తర్వాత పట్టి ఉంచడానికి 8 వోల్ట్ ఆంపియర్లు చాలు. మీ ఇంట్లో రాత్రంతా ప్లగ్గులో ఉండే దోమల మందు యంత్రం ఉంటుంది చూడండి, కాస్త అటూ ఇటూగా అంతే. ఇప్పుడు చెప్పండి, ఆ పాటి కరెంటు వేసి తీయడానికి 32 ఆంపియర్ల స్విచ్ ఎందుకు?

ఇదిగో, ఇది 22 మిల్లీమీటర్ల పుష్ బటన్. తలుపుకు 22.5 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే ఇందులో ఏ కంపెనీదైనా పడుతుంది. టెక్నిక్, సీమెన్స్, ష్నైడర్, ఎల్ అండ్ టీ, ఏదైనా. ఎల్ అండ్ టీ స్విచ్‌గేర్ ఇప్పుడు లారిట్జ్ నుడ్సెన్ పేరుతో వస్తోంది, దుకాణంలో కొత్త పేరు చూసి నకిలీ అని తిరిగి ఇచ్చేయకండి. దీని వెనక పాయింట్లుండే బ్లాకు మీద ఏం రాసి ఉందో చదువు తమ్ముడూ. "10 ఆంపియర్లు" అని ఉందా? కింద? "ఏసీ-15, 240 వోల్టులు, 3 ఆంపియర్లు." అదీ సంగతి. పైన పెద్ద అక్షరాల్లో ఉన్న 10 అనేది, వేసి ఉంచితే వేడెక్కకుండా మోయగలిగే కరెంటు. కాయిల్ లాంటి లోడును వేస్తూ తీస్తూ ఉంటే దాని సత్తా 3 ఆంపియర్లు. మనకు కావలసింది 0.3. పది రెట్లు మిగులు ఉంది. కాబట్టి ఇక్కడ మీరు ధైర్యంగా తక్కువ ధరది కొనుక్కోవచ్చు. దీన్ని 13 ఆంపియర్ల హీటరుకు నేరుగా కలిపితే మాత్రం, అది ఎంత పేరున్న కంపెనీదైనా, ఎక్కువ కాలం ఉండదు.

ఇక ఆంపియర్ల పక్కన వోల్టులు చదవడం. దీన్ని చాలామంది వదిలేస్తారు. పుల్లను అటూ ఇటూ నెట్టే ఈ చిన్న టాగిల్ స్విచ్ చూడండి, ఆన్‌లైన్‌లో పది కలిపి ప్యాకెట్టుగా అమ్ముతారు. ఒక పక్క "6 ఆంపియర్లు, 125 వోల్టులు" అని ఉంది. రెండో పక్క తిప్పండి. "3 ఆంపియర్లు, 250 వోల్టులు." అమ్మేవాడు మొదటిదే పెద్దగా చూపిస్తాడు. మన ఇంట్లో 125 వోల్టులు ఎక్కడున్నాయి? మనకు వర్తించేది 3 ఆంపియర్ల మాటే.

దీనికంటే ప్రమాదమైంది ఇది. నీలం దీపం వెలిగే స్విచ్, చూడ్డానికి బాగుంది, "20 ఆంపియర్లు" అని రాసి ఉంది. దాని పక్కన? 12 వోల్టులు, డీసీ. ఇది కారులో పెట్టేది. లోపలి దీపం 12 వోల్టులది. 230 ఇస్తే మొదటి నొక్కుకే దీపం పగులుతుంది, అదృష్టం బాగుంటే అంతటితో పోతుంది. ఇలాంటివి పెట్టిన ప్యానెళ్లు నా దగ్గరికి మరమ్మతుకు వస్తుంటాయి. పెట్టినవారిని అడిగితే "వీడియోలో ఇలాగే ఉంది మాస్టారూ" అంటారు.

ఆ వీడియోల సంగతి కూడా చెప్పుకుందాం. కుర్రాళ్లందరూ చూస్తున్నవే. హీటర్లు, పంపు, ఉష్ణోగ్రత కంట్రోలరు, తలుపు నిండా మెరిసే స్విచ్‌లు, దీపాలు. చాలావరకు అవి ఎవరు కట్టినవో తెలుసా? అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు. నవ్వకండి. అక్కడ 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో సొంత వాడకానికి ఇంట్లో బీరు చేసుకోవడం కేంద్ర ప్రభుత్వం తరఫున చట్టబద్ధమైంది. ఇంట్లో పెద్దలు ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే అయితే 100. మన దగ్గర లైసెన్సు లేకుండా అలాంటిది చేస్తే నేరం, కాబట్టి బీరు మాట ఇక్కడితో వదిలేయండి. వాళ్ల ప్యానెల్ మాత్రం పట్టుకోండి. ఎందుకంటే వాళ్ల కష్టమూ మన కష్టమూ ఒక్కటే. నీళ్లు కాచాలి, ఒకే వేడి దగ్గర గంటలకొద్దీ ఉంచాలి, పంపు తిప్పాలి, ఇంటి కరెంటుతోనే చేయాలి, చేతిలో డబ్బు తక్కువ. స్విచ్‌లు చౌకగా ఎక్కడ దొరుకుతాయని వాళ్లూ మనలాగే తల పట్టుకుంటారు.

వాళ్ల దగ్గర నేర్చుకోదగ్గది ఒకటుంది, గుడ్డిగా దించుకోకూడనిది ఒకటుంది.

దించుకోకూడనిది ముందు చెబుతాను. అక్కడ ఇంటికి వచ్చే కరెంటు వేరు. రెండు వేడి వైర్లు, అంటే మన ఫేజులాంటివి, వస్తాయి. ఒక్కొక్కదానికీ న్యూట్రల్‌కూ మధ్య 120 వోల్టులు, ఆ రెండిటి మధ్య 240. హీటరు 240 మీద, పంపు, దీపాలు 120 మీద. మనకు ఒక ఫేజు, ఒక న్యూట్రల్, మధ్యలో 230. వాళ్ల బొమ్మ చూసి 120 వోల్టుల దీపాలు తెప్పించి ఇక్కడ కలిపితే ఏమవుతుంది? వెలిగించిన క్షణమే ఆరిపోతుంది. ఇంకొకటి. వాళ్ల హీటరుకు రెండు వైర్లూ వేడివే కాబట్టి రెండూ తెంచి తీరాలి. మనకు ఒకటి న్యూట్రలే కదా, ఒక్క ఫేజు తెంచితే చాలు కదా అనిపిస్తుంది. అనిపించనివ్వకండి. మన ఊళ్లలో పాత వైరింగులో ఫేజు, న్యూట్రల్ తారుమారైన ఇళ్లు ఎన్ని లేవు? హీటరుకు రెండూ తెంచాలి. కాంటాక్టరులో ఎలాగూ మూడు పోల్స్, అంటే మూడు వైర్లను తెంచే దారులు, ఉంటాయి, రెండు వాడితే అదనపు ఖర్చేమీ లేదు.

నేర్చుకోదగ్గది ఇది. వాళ్లు ఎక్కువగా వాడే హీటరు 5500 వాట్లు. 240 వోల్టుల దగ్గర దాదాపు 23 ఆంపియర్లు. ఇంటి లైను 30 ఆంపియర్లది. గిన్నెలు రెండు, హీటర్లు రెండు. రెండూ ఒకేసారి వేస్తే 46 ఆంపియర్లు, లైను ఒప్పుకోదు. లైను పెంచితే బోలెడు ఖర్చు. అప్పుడు వాళ్లేం చేశారు? మూడు స్థానాల సెలెక్టర్ స్విచ్ పెట్టారు. ఎడమకు తిప్పితే మొదటి గిన్నె, కుడికి తిప్పితే రెండోది, మధ్యలో ఏదీ లేదు. రెండూ కలిసి పని చేసే స్థానమే ఆ మీటకు లేదు. మనిషి మరిచిపోయినా మీట మరిచిపోదు.

మన బట్టీకి దీన్ని తెచ్చుకోండి. పిక్కలు ఉడికించే చిన్న ఆవిరి బాయిలరుకు 3 కిలోవాట్లు, డ్రయ్యరుకు 3 కిలోవాట్లు. రెండూ కలిస్తే 26 ఆంపియర్లు. పిక్కలు ఉడికించేటప్పుడు డ్రయ్యరు నడవకపోయినా ఫర్వాలేదు అనుకునేవారికి, ఆ సెలెక్టర్ ఒక్కటి చాలు. మంజూరైన లోడు పెంచమని మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌కు అర్జీ పెట్టుకునే పని తప్పుతుంది. ఆ సెలెక్టర్ మోసేది కూడా కాయిల్ కరెంటే కాబట్టి, మళ్లీ చౌక రకమే. దాని వెనక రెండు ఆకుపచ్చ బ్లాకులు. అంతే.

బ్లాకులు అన్నాను కదా, ధర దగ్గర అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఈ పుష్ బటన్‌ను ఇలా తిప్పి లాగితే రెండు ముక్కలవుతుంది. చూశారా? ముందు భాగం, అంటే తల, ఉత్త యాంత్రికం. స్ప్రింగు, ప్లాస్టిక్, రబ్బరు వలయం. కరెంటు దాని దాకా రాదు. వెనక భాగం బ్లాకు. కరెంటంతా దానిలోనే. సాధారణంగా ఆకుపచ్చది నొక్కితే కలిసేది, ఎన్ఓ, అంకెలు 3, 4తో ముగుస్తాయి. ఎర్రది నొక్కితే విడిపోయేది, ఎన్‌సీ, అంకెలు 1, 2తో ముగుస్తాయి. ఈ రెండు భాగాలూ దుకాణంలో విడివిడిగా అమ్ముతారు. అడగాలి, అంతే. బ్లాకు పాడైతే మొత్తం బటన్ కొనక్కర్లేదు. ఒకటి పట్టుకుని చూసి పక్కవారికి ఇవ్వండి, మళ్లీ బల్ల మీదికి రావాలి.

అందుకే పాత సామాను దుకాణాన్ని నేను తక్కువగా చూడను. విజయనగరం జిల్లాలో జూట్ మిల్లులున్నాయి, పైడిభీమవరం వైపు ఫ్యాక్టరీలున్నాయి. అలాంటి చోట్ల ప్యానెళ్లు మార్చినప్పుడు పాతవి తూకానికి వస్తాయి. వాటి తలుపుల మీద ఉన్న మీటలు మంచి ఇత్తడి, మంచి స్ప్రింగులు. తల భాగం పాతది తీసుకోండి, కడిగి వాడండి. బ్లాకు మాత్రం అదే కంపెనీది, అదే రకానిది కొత్తది కొనండి. ఒక కంపెనీ తలకు ఇంకో కంపెనీ బ్లాకు చాలాసార్లు అతకదు, కాబట్టి పాత తల జేబులో వేసుకుని దుకాణానికి వెళ్లండి. సముద్రం పక్కనున్న మన ఉద్దానం గాలిలో ఉప్పు ఉంటుంది, పాత బ్లాకు లోపల పచ్చగా చిలుము పట్టి ఉంటుంది, బయటికి కనబడదు. బ్లాకు ఖరీదు మొత్తం బటన్‌లో చిన్న భాగమే. అక్కడ కక్కుర్తి వద్దు.

మన చేతికి అందే ఇంకో గని ఉంది. పొలం మోటార్ల పాత డీఓఎల్ స్టార్టర్లు, అంటే మోటారును నేరుగా లైనుకు కలిపే పెట్టెలు. ప్రతి ఊళ్లో షెడ్డు మూల ఒకటైనా పడి ఉంటుంది. అందులో ఏముంది? కాంటాక్టరు, ఆకుపచ్చ స్టార్టు, ఎర్ర స్టాపు, మోటారు మీద భారం ఎక్కువైతే ఆపే ఓవర్‌లోడ్ రిలే, ఇనుప పెట్టె. అంటే మన ప్యానెల్ సగం! దాని కాంటాక్టరు నేమ్‌ప్లేటు మీద ఏసీ-3 అని ఒక అంకె, ఏసీ-1 అని ఒక అంకె ఉంటాయి. మోటారుకు ఏసీ-3 చూస్తారు, ఉత్త హీటరుకు ఏసీ-1. ఏసీ-3లో 9 ఆంపియర్లు అని ఉన్న కాంటాక్టరు ఏసీ-1లో మామూలుగా 20, 25 దాకా చెబుతుంది. మన 13కు హాయిగా సరిపోతుంది.

అయితే ఒక చిక్కు ఉంది, జాగ్రత్తగా వినండి. మూడు ఫేజుల స్టార్టరులో కాయిల్ చాలావరకు 415 వోల్టులది. ఏ1, ఏ2 అని ఉన్న చోట కాయిల్ మీద అంకె చదవండి. 415 కాయిల్‌కు 230 ఇస్తే పూర్తిగా లాగదు, గిలగిలా కొట్టుకుంటుంది, పాయింట్లు సగం సగం తాకి కాలిపోతాయి. ఆ కాంటాక్టరుకే 230 కాయిల్ విడిగా దొరుకుతుంది, మార్చుకోండి. పాత పాయింట్లు నల్లగా ఉన్నాయని భయపడకండి, అది మామూలే. ఆకురాయితో రుద్దకండి, పైనున్న వెండి మిశ్రమం పోతుంది. గుంటలు పడి, ముద్దలు కట్టి ఉంటే మాత్రం ఆ కాంటాక్టరును వదిలేయండి.

స్టార్టరు వైరింగు మరో మేలు చేస్తుంది. కరెంటు పోయి మళ్లీ వస్తే అది తనంతట తాను మొదలవదు. ఆకుపచ్చ మీట మళ్లీ నొక్కాలి. ఇది ఎందుకంత ముఖ్యం? 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది. స్తంభాలన్నీ నేలకొరిగాయి, జీడి తోటలూ కొబ్బరి తోటలూ పోయాయి. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియని రోజులవి. అర్ధరాత్రి హఠాత్తుగా వచ్చిందనుకోండి, డ్రయ్యరు స్విచ్ వేసే ఉందనుకోండి, లోపల తడి గోనెలు ఉన్నాయనుకోండి. మీట నొక్కితేనే మొదలయ్యే ఏర్పాటు ఉంటే ఆ భయం లేదు. మామూలు టాగిల్, రోటరీ స్విచ్‌లలో ఈ సౌకర్యం ఉండదు. తుఫాను దాకా ఎందుకు, మామూలు కోతల్లోనూ ఇదే లెక్క.

బ్లోయరు, అంటే వేడి గాలి తోసే ఫ్యాను, తిరగకుండా హీటరు వెలగకూడదు. దీనికి స్విచ్ కొనక్కర్లేదు. బ్లోయరు కాంటాక్టరులో 13, 14 అని ఒక సహాయక పాయింటు ఉంటుంది. హీటరు కాయిల్‌కు వెళ్లే వైరును దాని గుండా పంపండి. ఒక మూర వైరు ఖర్చు.

అత్యవసర మీట ఒకటి తప్పనిసరిగా పెట్టండి. పసుపు రంగు మీద ఎర్ర పుట్టగొడుగు తల. దాని వెనక ఎర్ర బ్లాకు, అంటే ఎన్‌సీయే ఉండాలి. ఎందుకు? ఎన్ఓ పెట్టారనుకోండి, వైరు ఎలుక కొరికినా, స్క్రూ ఊడినా మీకు తెలియదు. నిజంగా అవసరమైన రోజున నొక్కితే ఏమీ జరగదు. ఎన్‌సీ అయితే వైరు తెగిన క్షణమే బట్టీ ఆగుతుంది, విసుగు పుడుతుంది, మీరే బాగు చేయిస్తారు.

ఎస్ఎస్ఆర్, అంటే కదిలే పాయింట్లు లేని సాలిడ్ స్టేట్ రిలే, గురించి అడుగుతారని తెలుసు. ఆన్‌లైన్ కిట్లలో కంట్రోలరుతో పాటు ఇస్తారు. అది ఆంపియరుకు దాదాపు ఒక వాటు వేడి పుట్టిస్తుంది. 13 ఆంపియర్లకు 13 వాట్లకు పైనే. అల్యూమినియం హీట్‌సింకు లేకుండా బతకదు. పాడైనప్పుడు ఎక్కువగా కలిసిపోయే పాడవుతుంది, అంటే హీటరు ఆగదు. ముందర కాంటాక్టరు ఎలాగూ కావాలి. బీరు కాచేవాళ్లకు అర డిగ్రీ తేడా ముఖ్యం. మన పప్పుకు రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే ఏమీ కాదు. కాంటాక్టరుతోనే నడపండి. కంట్రోలరులో సైకిల్ టైము, అంటే ఎంతసేపటికొకసారి వేసి తీస్తుందో, అది మాత్రం చూసుకోండి. 2 సెకన్లకు ఒకసారి అని ఉంటే 8 గంటల్లో కాంటాక్టరు 14,400 సార్లు కొట్టుకుంటుంది. 30 సెకన్లకు మారిస్తే 960 సార్లు. ఒక్క అంకె మార్చడమే, పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు ఎక్కడ కొనాలో. మామూలు 22 మిల్లీమీటర్ల బటన్లు, దీపాలు శ్రీకాకుళంలో, విజయనగరంలో మోటారు సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. ఇంటి వైరింగు దుకాణంలో అడగకండి, వాళ్లు తెప్పించి ఇస్తామంటారు, తెప్పించినందుకు ధర పెంచుతారు. రకాలు చూసి ఎంచుకోవాలంటే విశాఖ. ఇచ్ఛాపురం వైపు ఉన్నవారికి బరంపురం దగ్గర. ఎవరైనా హైదరాబాదు వెళుతుంటే రాణిగంజ్, ట్రూప్ బజార్ చూడమనండి. నలుగురు కలిసి ఒకేసారి కొనండి. ఒక్క బటన్‌కు బేరం ఉండదు, ఇరవై బటన్లకు ఉంటుంది. ధరల అంకెలు నేను చెప్పను, మీరు వెళ్లేసరికి మారిపోతాయి. ఆన్‌లైన్‌లో అయితే తల, దీపం, పెట్టె తీసుకోండి. షార్టయితే పడిపోయే ఎంసీబీ, కరెంటు లీకయితే పడిపోయే ఆర్‌సీసీబీ, కాంటాక్టరు మాత్రం బిల్లు ఇచ్చే డీలరు దగ్గరే. ఐఎస్ఐ గుర్తు ఉంటే దాని లైసెన్సు నంబరు ఫోనులో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. దుకాణదారుడి ముందే కొట్టండి, మొహమాటం వద్దు.

మీటల దగ్గర మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలో అడగరేం? 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మీద పెట్టండి. ఖర్చవుతుంది, అవనివ్వండి. తడి చేతులతో, తడి నేల మీద పని చేసే ఆడవాళ్లున్న చోటు అది. వర్షాకాలంలో కొన్నాళ్లు వాడకుండా ఉన్న హీటరు లోపలి పొడి తేమ పీల్చుకుంటుంది, మొదటి రోజు ఆర్‌సీసీబీ పడిపోతుంది. అప్పుడు ఆర్‌సీసీబీని తీసేసి నేరుగా కలుపుతారు కొందరు మహానుభావులు. హీటరు విప్పి ఎండలో పెట్టండి, లీకు కొలిచే మెగ్గరుతో చూపించండి. ఆర్‌సీసీబీ జోలికి వెళ్లకండి. తలుపుకు కూడా విడిగా ఎర్తు వైరు వేయండి, కీలు ద్వారా ఎర్తు అందుతుందని నమ్మకండి. 13 ఆంపియర్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20కి 4. వైరు కొసకు లగ్గు, అంటే లోహపు తొడుగు, నొక్కకుండా వైరును స్క్రూ కింద చుట్టకండి. మొదటిసారి పూర్తిగా వేడెక్కి చల్లారాక, మెయిన్ తీసి, అన్ని స్క్రూలూ ఇంకోసారి బిగించండి.

ప్రశ్నలున్నాయా?

ఎంసీబీనే స్విచ్‌గా వాడితే ఏమవుతుందని అడుగుతున్నారు. విడిగా మీట ఎందుకు అని. మంచి ప్రశ్న. ఎంసీబీకి ప్రమాణం పెట్టిన పరీక్ష 4,000 సార్లు వేసి తీయడం. రోజుకు రెండుసార్లయితే ఐదేళ్లు దాటి వస్తుంది. రోజుకు పదిసార్లు వేసి తీశారనుకోండి, సంవత్సరంలోనే 3,650. అది మిమ్మల్ని కాపాడాల్సిన వస్తువు. రోజువారీ చాకిరీతో దాన్ని అరగదీస్తే, షార్టు అయిన రోజున అది ఎలా పడుతుందో ఎవరు చెప్పగలరు? పొద్దున ఒకసారి వేయడానికి, సాయంత్రం తీయడానికి అయితే అభ్యంతరం లేదు.

ఇంకొకరు, వెనక నుంచి. ఇంటి మీటరు మీదే బట్టీ నడపవచ్చా అంటున్నారు. నడపకూడదు. విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద, ఇచ్చిన కేటగిరీకి కాక వేరే పనికి వాడితే అనధికార వాడకమే అవుతుంది, బిల్లు మీద బిల్లు పడుతుంది. ప్యానెల్ కట్టడానికి ముందే కేటగిరీ మార్పించుకోండి. మూడు ఫేజులు ఇస్తామంటే తీసుకోండి, మూడు ఒక్కో కిలోవాటు హీటర్లను ఫేజుకొకటి చొప్పున పంచితే ఒక్కో వైరులో నాలుగు ఆంపియర్లకు కాస్త పైనే పోతుంది. అప్పుడు ఆ పొలం స్టార్టరు కాయిల్ కూడా మార్చనక్కర్లేదు, 415 వోల్టులు అక్కడే ఉంటాయి. కానీ తలుపు మీది బటన్లకు వెళ్లేది కూడా 415 అవుతుంది, బ్లాకు మీద ఆ వోల్టుకు రేటింగు రాసి ఉందో లేదో చూసుకుని మరీ కలపండి.

ఆకుపచ్చ బ్లాకు ఒకటి ఇంకా బల్ల మీదికి రాలేదు. ఎవరి దగ్గరుందో చూడండి, టీ తాగుతూ మిగతా ప్రశ్నలు మాట్లాడుకుందాం.